అలంకార పిడుల పాతకాలపు క్షవరపు కత్తులు: సేకరణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ కత్తుల గురించి ఈ ప్రశ్నలు?

పిడిలోకి మడిచే పొడవాటి క్షవరపు కత్తుల గురించి. మంగలికత్తి అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్, స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా వీటికి పుట్టిళ్ళు. అమెరికాలో న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాల చిన్న పట్టణాలు 19వ శతాబ్దం చివర ఈ వ్యాపారంలోకి దిగాయి. జిల్లెట్ కంపెనీ 1903లో బ్లేడు మార్చే రేజరు అమ్మడం మొదలుపెట్టింది. ఆ ఏడాది మొత్తం అమ్ముడైనవి 51 రేజర్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల చేతికి ఈ రకం రేజర్లే అందాయి. యుద్ధం ముగిసి ఇళ్ళకు వచ్చినవాళ్ళు పాత కత్తి జోలికి పెద్దగా పోలేదు. అక్కడి నుంచి మడత కత్తి మంగలి దుకాణానికీ, తాతల అలమరాలకూ పరిమితమైంది.

పాత కత్తి అంటే అరుదైన కత్తేనా?

ముమ్మాటికీ కాదు. షెఫీల్డ్, జోలింగెన్ కలిసి ఈ కత్తులను లక్షల్లో చేసి ప్రపంచమంతా పంపాయి. నల్లటి పిడి, సాదా అలుగు (గీసే ఉక్కు రేకు) ఉన్న నూరేళ్ళ కత్తి ఇవాళ కూడా తేలిగ్గా దొరుకుతుంది. అరుదయ్యేది కలయిక. మంచి తయారీదారు చేసిన అలుగు, దానితోపాటే కార్ఖానా నుంచి వచ్చిన అలంకార పిడి, పిడిని బిగించే, ఎవరూ విప్పని పిన్నులు, వీలైతే ఆ కత్తి అమ్ముడైన అట్టపెట్టె, ఇవన్నీ ఒకచోట నిలవడం అరుదు. కొత్తగా దిగినవాళ్ళు పిడి అందం చూసి డబ్బు తీస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు ముందు ఆ పిడిని అలుగుతో కలిపిన చోటును చూస్తారు. ఈ రెండు చూపుల మధ్య తేడాయే ఈ వ్యాపకం మొత్తం.

పిడులు వేటితో చేసేవారు?

చవక రకాలతో మొదలుపెడదాం. పశువుల కొమ్ము అన్నిటికంటే ఎక్కువ వాడుకలో ఉండేది. వేడి తగిలితే మెత్తబడే గుణం దానిది. అందుకే లోహపు అచ్చుల్లో పెట్టి నొక్కి పూలు, పక్షులు, గద్దలు, ఓడలు, వీరుల బొమ్మలు తేల్చేవారు. 19వ శతాబ్దం మొదటి సగంలో షెఫీల్డ్ పనివాళ్ళు అమెరికా కొనుగోలుదారుల కోసం వాళ్ళ జాతీయ చిహ్నాలనే కొమ్ము మీద అచ్చొత్తి పంపేవారు. ఎవరికి అమ్మాలో షెఫీల్డ్‌కు ఎప్పుడూ బాగా తెలుసు! ఈ అచ్చు కొమ్ము పిడులలో పురుగు తినకుండా, చీలకుండా మిగిలినవి ఎక్కువ లేవు. నన్నడిగితే దంతం కంటే ఇవే మంచి సేకరణ. పని కనిపిస్తుంది, కాలం కనిపిస్తుంది, చట్టంతో పేచీ లేదు.

ఆ పైన ఎముక, సాంబార్ జింక కొమ్ము, దంతం, తాబేలు డిప్ప, ముత్యపు చిప్ప. గేదె కొమ్ము, సాంబార్ కొమ్ము మన దేశం నుంచే షెఫీల్డ్‌కు ఓడల్లో వెళ్ళేవి. కాబట్టి అక్కడి పిడి అంటే ఒక్కోసారి ఇక్కడి పశువే. తాబేలు డిప్ప పిడిలో సన్నటి బంగారు, వెండి మేకులు దిగ్గొట్టి చుక్కల ముగ్గులాగా తీర్చడం 18వ శతాబ్దపు ఖరీదైన పని. ముత్యపు చిప్పలో పిడికి సరిపడేంత పొడుగు ముక్క ఒక్కటిగా దొరకడం కష్టం. అందుకని నిజమైన చిప్ప పిడులు తరచూ ముక్కలు అతికి, మధ్యలో లోహపు పట్టీలు వేసి ఉంటాయి. ఆరంగుళాల పిడి ఒకే ముక్కలో, ఏకరీతిగా మెరుస్తూ ఉంటే సంతోషించే ముందు అనుమానించండి.

తర్వాత కృత్రిమ పదార్థాలు. 19వ శతాబ్దం మధ్య నుంచి గంధకంతో గట్టిపరిచిన నల్ల రబ్బరు, 1870 తర్వాత సెల్యులాయిడ్, 20వ శతాబ్దంలో బేకలైట్ వచ్చాయి. సెల్యులాయిడ్ వచ్చాక పిడికి పండగే. మత్స్యకన్యలు, మొసళ్ళు, నెమళ్ళు, గోధుమ కంకులు, మొక్కజొన్న పొత్తులు, బట్టలు లేని అందగత్తెలు, తీగలల్లిన పూలు, అన్నీ అచ్చులోంచి దిగాయి. ఇవాళ అమెరికా సేకర్తలు పోటీపడి కొనేది ఎక్కువగా ఈ బొమ్మల సెల్యులాయిడ్ పిడులనే.

పిడి దంతమో, ఎముకో, సెల్యులాయిడో తేల్చుకోవడం ఎలా?

పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన చోట, అంటే పిడి కొసల్లో, ఒకదానినొకటి దాటుకుపోయే వంపు గీతలు సన్నటి వలలాగా కనిపిస్తాయి. పిడి పొడవునా చూస్తే తెరలు తెరలుగా, హెచ్చుతగ్గులతో సాగే చారలు ఉంటాయి. దంతంలా కనిపించేలా చేసిన సెల్యులాయిడ్‌లో కూడా చారలుంటాయి. కానీ అవి రూళ్ళకర్ర పెట్టి గీసినంత నిటారుగా, సమాన దూరంలో ఉంటాయి. ప్రకృతి అంత క్రమశిక్షణగా గీతలు గీయదు. ఎముక మీద చిన్న చిన్న నల్లటి గీట్లు, గుంటలు కనిపిస్తాయి. ఒకప్పుడు రక్తనాళాలు పోయిన దారులవి.

తాబేలు డిప్పకు, రంగు వేసిన కొమ్ముకు తేడా కూడా భూతద్దమే చెబుతుంది. డిప్పలోని గోధుమరంగు మచ్చ అంచు దగ్గర సన్నటి చుక్కలుగా చెదిరిపోతుంది, లోతుల్లోకి పొరలుగా దిగుతుంది. కొమ్ము మీద వేసిన రంగు పైపైన నిలుస్తుంది, దాని కింద నారలు పొడవుగా కనిపిస్తూనే ఉంటాయి.

ఎర్రగా కాల్చిన సూదితో గుచ్చి చూడమని సలహా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. సెల్యులాయిడ్ చటుక్కున అంటుకుంటుంది. దంతమే అయితే వస్తువుకు శాశ్వతంగా మచ్చ పడుతుంది. ఎలా చూసినా నష్టమే.

కంటికి శిక్షణ కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు వస్తువుల గదిలో తీరిగ్గా ఒక పూట గడపండి. 18, 19 శతాబ్దాల విశాఖపట్నం కళాకారులు దంతపు రేకులు తాపి, వాటి మీద సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి చేసిన పెట్టెలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ పనిని దగ్గరగా చూసిన కన్ను నకిలీ దంతం దగ్గర అంత తేలిగ్గా మోసపోదు.

దంతం, తాబేలు డిప్ప పిడుల కత్తులు మన దేశంలో కొనవచ్చా?

వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1986 సవరణతో భారతీయ దంతం వ్యాపారాన్నీ, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ నిషేధించారు. వస్తువు నూటయాభై ఏళ్ళ నాటిదైనా, ఏనుగు ఏ ఖండానిదైనా ఇక్కడ అమ్మకం, కొనుగోలు కుదరవు. తాబేలు డిప్ప తీసేది హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు నుంచి, దానికీ గట్టి రక్షణే ఉంది. సాంబార్ కొమ్ము కూడా ఈ చట్టం పరిధిలోకే వస్తుంది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు అక్కడ చట్టబద్ధంగా కొన్నదైనా సరే, సూట్‌కేసులో వేసుకుని ఇక్కడికి తేవాలనుకుంటే కస్టమ్స్ దగ్గర ఇబ్బంది తప్పదు. అంతర్జాతీయ రవాణాకు అనుమతి పత్రాలు కావాలి.

బ్రిటన్‌లో 2018 నాటి దంతం చట్టం 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. 1947కు ముందు చేసి, మొత్తం వస్తువులో దంతం పది శాతం లోపు ఉన్నవాటికి అక్కడ మినహాయింపు ఉంది. పిడంతా దంతమే అయిన కత్తి ఆ లెక్కలో ఇమడదు. అమెరికాలోనూ 2016 నుంచి ఆంక్షలు బాగా బిగుసుకున్నాయి. వారసత్వంగా ఇంట్లో ఇలాంటిది ఉంటే ఎవరికీ అమ్మజూపకుండా ముందు అటవీ శాఖ వాళ్ళను యాజమాన్య పత్రం సంగతి అడగండి.

అలుగు మీద ముద్ర చూసి కాలం చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. ముద్ర కంటే ముందు ఆకారం చూడండి. 18వ శతాబ్దపు కత్తికి వెనుక తోక, అంటే కీలు దాటి బయటకు పొడుచుకొచ్చే అలుగు కొస, ఉండదు. ఉన్నా బొటనవేలి గోరంత మొండి ముక్క ఉంటుంది. 1800 తర్వాత తోక క్రమంగా సాగి, వంపు తిరిగింది. పాత అలుగును అడ్డంగా కోస్తే నిండు చీలిక ఆకారం కనిపిస్తుంది, చేతిలో బరువుగా తూగుతుంది. రెండు పక్కలా గుంటగా సాన పట్టి, వాదర దగ్గర కాగితమంత పలచన చేసిన అలుగులు 19వ శతాబ్దం చివరి పాదంలో, ముఖ్యంగా జర్మన్ల చేతి మీదుగా వ్యాపించాయి. గోటితో మీటితే సన్నగా మోగుతాయి.

ఇక ముద్రలు. కిరీటం పక్కన జి.ఆర్. అని ఉంటే జార్జి రాజుల కాలం, ఎక్కువగా 1830 లోపు. డబ్ల్యు.ఆర్. అంటే నాలుగో విలియం, 1830 నుంచి 1837 దాకా. వి.ఆర్. అంటే విక్టోరియా, 1837 నుంచి 1901 దాకా. డబ్ల్యు.ఆర్. ఉన్న కత్తి చేతికందితే వదలకండి, ఏడేళ్ళే సాగిన ముద్ర అది. ‘కాస్ట్ స్టీల్’ అనే మాట బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో షెఫీల్డ్ దగ్గర మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టిన తర్వాతిది. ఆయన అసలు వృత్తి గడియారాలు చేయడం. స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క విసిగి సొంతంగా తయారుచేసుకున్నాడు, లాభపడింది మాత్రం కత్తుల వాళ్ళు.

దేశం పేరు ఉందో లేదో కూడా చూడాలి. అమెరికాకు దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం చెప్పింది, 1891 నుంచి అమలైంది. అందుకే ఇంగ్లండ్ లేక జర్మనీ అని ఉంటే కత్తి ఎక్కువగా ఆ తర్వాతిదే. ఏ దేశం పేరూ లేకపోతే పాతదని ఆశపడవచ్చు గానీ ప్రమాణం చేయలేం. ఎందుకంటే అమెరికాకు పోని సరుకుకు ఆ నియమం వర్తించలేదు.

పిడి చెప్పేది, ముద్ర చెప్పేది ఒకదానితో ఒకటి పొసగాలి. డబ్ల్యు.ఆర్. ముద్ర ఉన్న అలుగుకు సెల్యులాయిడ్ మత్స్యకన్య తగిలించి ఉందంటే, మధ్యలో కనీసం ముప్ఫై మూడేళ్ళ అబద్ధం ఉంది.

పిడి అసలుదో, తర్వాత మార్చిందో ఎలా పట్టుకోవాలి?

అమ్మేవాళ్ళు చెప్పని విషయం ఇది. పిడి విరిగిన మంచి అలుగు, అలుగు విరిగిన మంచి పిడి, ఈ రెంటినీ కలిపి ‘అరుదైన’ కత్తి చేయడం పాత విద్య.

ముందు కీలు పిన్ను దగ్గరకు వెళ్ళండి. కార్ఖానాలో వేసిన పిన్ను తల చిన్న గుండ్రటి బొడిపెలా, నున్నగా ఉంటుంది. దాని కింద వాషరు పిడిలోకి కొద్దిగా కుంగి, అంచుల చుట్టూ నూరేళ్ళ మట్టి, సబ్బు మడ్డి పేరుకుని ఉంటుంది. తర్వాత ఎవరో విప్పి మళ్ళీ బిగించిన పిన్ను తల మీద సుత్తి దెబ్బల చదునులు కనిపిస్తాయి. వాషరు చుట్టూ పిడి మీద అర్ధచంద్రాకారపు గీతలు ఉంటాయి. సుత్తి జారినప్పుడో, పాత పిన్నును ఆకురాయితో అరగదీసినప్పుడో పడినవి అవి. మూడు పిన్నులున్న పిడిలో రెండు మాసిపోయి, ఒకటి మాత్రం పసుపుపచ్చగా మెరుస్తుంటే ఆ ఒకటి ఎందుకు మెరుస్తోందో అమ్మేవాణ్ణి అడగండి. జవాబు ఎంతసేపటికి వస్తుందో కూడా గమనించండి.

తర్వాత కత్తిని మడవండి. అలుగు పిడి రెండు రెక్కల నడుమ నిలబడాలి, ఒక పక్కకు ఒరిగి రాచుకోకూడదు. మూసినప్పుడు వాదర పిడి బయటకు తొంగిచూడకూడదు. అలుగు కొసకు, పిడి చివరి ముక్కకు మధ్య అర అంగుళం పైగా ఖాళీ ఉంటే ఆ పిడి ఇంకో పొడుగాటి అలుగు కోసం చేసింది కావచ్చు. రెక్కల లోపలి వైపు దీపం వేసి చూడండి. ఏళ్ళ తరబడి ఒకే అలుగు పడుకున్న చోట దాని నీడలాంటి మరక ఉంటుంది. ఆ మరక ఆకారం ఇప్పుడున్న అలుగుతో సరిపోకపోతే కథ తెలిసిపోయినట్టే.

పిడి మార్చిన కత్తి పనికిరానిదని నేననడం లేదు. ఆ కాలంలోనే విరిగిన పిడిని బాగుచేయించుకున్న కత్తులు బోలెడు. సన్నటి వెండి రేకు చుట్టి, చిన్న మేకులతో అతికిన పిడులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అది అప్పటి యజమాని అవసరం, ఇప్పటి దళారీ తెలివి కాదు. ధర మాత్రం మార్చిన కత్తి ధరే ఉండాలి.

సెల్యులాయిడ్ పిడికి ‘జబ్బు’ చేస్తుందంటారు, నిజమేనా?

నిజమే, మందు లేదు. సెల్యులాయిడ్‌ను నత్రికామ్లంతో రసాయనికంగా మార్చిన దూదిని, కర్పూరాన్ని కలిపి తయారుచేస్తారు. వయసు మీరాక అది తనంత తానే విడిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మొదటి గుర్తు వాసన. పెట్టె తెరవగానే ఘాటైన కర్పూరం వాసన, దాని వెనకే ముక్కు చుర్రుమనిపించే పులుపు. రెండో గుర్తు పిడి మీద చెమట పట్టినట్టు సన్నటి జిగట తేమ. మూడోది అలుగు మీద కనిపిస్తుంది. పిడి లోపల దాగే భాగం వరకే, గీత గీసినట్టుగా ఎర్రటి తుప్పు పడుతుంది. బయట ఉండే మెడ, తోక మిలమిలలాడుతూనే ఉంటాయి. చివరికి పిడి చెక్కరలాగా గళ్ళు గళ్ళుగా పగిలి రాలిపోతుంది. లోపలి నుంచి వెలుగు కనిపించే రకాలు, తాబేలు డిప్పలాగా చేసిన పసుపు, గోధుమ రంగు పిడులు దీనికి ముందుగా లొంగుతాయి.

అలాంటి కత్తిని మిగతావాటితో కలిపి పెట్టకండి. ఆ ఆవిరి పక్కవాటినీ తింటుంది. గాలి ఆడే చోట, చల్లగా, విడిగా ఉంచండి. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసిపెడితే జబ్బు త్వరగా ముదురుతుంది. కొనేటప్పుడు విక్రేత పంపిన ఫొటోల్లో తుప్పు ఎక్కడ ఆగిందో చూడండి. పిడి అంచు దగ్గర నిటారుగా ఆగిందంటే ఎంత అందమైన బొమ్మ అయినా వదిలేయండి.

ఏ తయారీదారుల పేర్లు గుర్తుపెట్టుకోవాలి?

షెఫీల్డ్‌లో జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్. నక్షత్రం, మాల్టా శిలువ వారి గుర్తు. దంతం నిల్వలకు పేరుపొందిన సంస్థ అది. బ్రిటిష్ ఇండియాలో రాడ్జర్స్ చాకు ఇంట్లో ఉండటం ఒక దర్జా. జార్జ్ వోస్టెన్‌హోమ్ కత్తుల మీద ‘ఐ ఎక్స్ ఎల్’ అని ఉంటుంది. వేడ్ అండ్ బుచర్ వెడల్పాటి, బరువైన అలుగులకు ప్రసిద్ధి. అంగుళం వెడల్పు ఉన్న వాటి కత్తి పట్టుకుంటే గడ్డం గీయడానికా, కూరగాయలు తరగడానికా అనిపిస్తుంది.

జోలింగెన్‌లో జె.ఎ. హెంకెల్స్ కవలల గుర్తు 1731 నాటిది. బోకర్ చెట్టు గుర్తు, ఎర్న్, ప్యూమా కూడా తెలిసుండాలి. జోలింగెన్‌లో చేయించి న్యూయార్క్ సంస్థ అమ్మిన డబుల్ డక్ కత్తులకు ఇప్పుడు విపరీతమైన గిరాకీ ఉంది. నా లెక్కలో ఆ గిరాకీ కొంత పేరు వల్లే. ఊరి పేరుకు చట్టరక్షణ 1938లో వచ్చింది. అంతకు ముందు జోలింగెన్ అని కొట్టుకున్న ప్రతి కత్తీ అక్కడిదని నమ్మనక్కర్లేదు.

స్వీడన్ హెల్‌యెస్ట్రాండ్ కత్తులు పిడి అలంకారంలో నిరాడంబరం, ఉక్కులో ఘనం. ఫ్రాన్స్‌లో తియేర్ ఇస్సార్ 1884 నుంచి ఉంది. అమెరికాలో కేస్, జెనీవా కట్లరీ, యూనియన్ కట్లరీ, కట్టరాగస్ పేర్ల కోసం చూడండి. బొమ్మల పిడులు ఎక్కువగా ఆ వైపు నుంచే వస్తాయి.

అలుగు మీద బొమ్మలు, రాతలు ఉంటే విలువ పెరుగుతుందా?

ఆమ్లంతో తినిపించి తీసిన ఓడలు, రైలింజన్లు, వేట దృశ్యాలు, అధ్యక్షుల ముఖాలు స్పష్టంగా మిగిలి ఉంటే బాగా పెరుగుతుంది. ఇవి చాలా పైపై పని. ఒక్కసారి యంత్రపు చక్రం మీద మెరుగు పట్టిస్తే సగం చెరిగిపోతుంది. మరీ నల్లగా, అంచులు మరీ తీరుగా ఉన్న బొమ్మ లేజరుతో కొత్తగా చెక్కింది కావచ్చు. పాత గీత తుప్పు మచ్చల కింద ఉంటుంది, కొత్త గీత తుప్పు మచ్చను కోసుకుంటూ పోతుంది. మెలికల గీతల డమాస్కస్ అలుగు, ఇత్తడి పూల పిడితో ‘పురాతన’మని అమ్మే కత్తుల్లో అత్యధికం నిన్నమొన్నటివి.

‘సిల్వర్ స్టీల్’ అని ఉంటే వెండి కలిసినట్టేనా?

కలిసి ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ. అయితే ఆ మాట వెనక ఉన్న చరిత్ర మాత్రం అసలుసిసలైనది. లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్, అప్పటికి ఇంకా విద్యుత్తులో పేరు తెచ్చుకోని మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. ఆ ఫలితాలు 1820, 1822లలో ప్రచురించారు. అయిదు వందల వంతుల ఉక్కుకు ఒక వంతు వెండి కలిపితే మేలైన ఉక్కు వస్తుందని వాళ్ళు తేల్చారు. షెఫీల్డ్ వాళ్ళు ఆ పేరును వెంటనే పట్టుకున్నారు. కొన్నాళ్ళకు అది వెండితో నిమిత్తం లేని ప్రచారపు ముద్రగా మిగిలింది.

వీళ్ళ ప్రయోగాలకు ప్రేరణ భారతదేశపు వూట్జ్ ఉక్కు. స్టోడార్ట్ దానితో పనిముట్లు చేసి, దాని పదును మెచ్చుకున్నవాడు. ఆ ఉక్కు ముద్దలు తయారైన చోట్లలో ఇప్పటి నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయిన ఊరది. సిల్వర్ స్టీల్ ముద్ర ఉన్న కత్తి కనిపిస్తే నేను ఒక నిమిషం ఎక్కువ చూసేది అందుకే.

ఏడు కత్తుల పెట్టెలు అంటే ఏమిటి?

వారంలో రోజుకొకటి చొప్పున ఏడు కత్తులు, ఒక్కోదాని వెన్ను మీద ఒక్కో రోజు పేరు. ఒక రోజు వాడిన వాదరకు ఆరు రోజుల విశ్రాంతి ఇస్తే మంచిదని అప్పటి నమ్మకం. ఏడూ ఒకే తయారీవి కావడం, ఏడు పిడుల రంగూ ఒకేలా పాతబడటం చూసుకోవాలి. సాధారణంగా ఆదివారం కత్తి కొత్తగా ఉండి మిగతావి అరిగిపోయిన పెట్టెలూ, మధ్యలో ఒకటి వేరే చోటి నుంచి తెచ్చి ఇరికించినవీ ఎదురవుతాయి.

తుప్పు తీసి, మెరిపించి పెట్టుకోవచ్చా?

ఎర్ర తుప్పును తీయాలి. అది కదిలే తుప్పు, తింటూనే ఉంటుంది. నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో, మరీ మొండిదైతే అతి సన్నటి ఉక్కు నూలుతో నెమ్మదిగా రుద్దండి. నల్లగా, బూడిదరంగులో స్థిరపడిన పొరను మాత్రం ముట్టుకోవద్దు. మెరుగు చక్రం మీద అద్దంలా తళతళలాడించిన పాత కత్తిని చూస్తే నాకు కడుపు మండుతుంది. ముద్ర అక్షరాల అంచులు కరిగి, బొమ్మ మాయమై, అలుగు వేడెక్కి గట్టిదనం కోల్పోయి మిగిలేది మెరిసే ఇనుపముక్క.

పిడికి ఏమి పూయాలన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఎండిపోయిన కొమ్ముకు కొద్దిగా నూనె పట్టించవచ్చు. దంతానికి నూనె, నీరు రెండూ వద్దు. ముత్యపు చిప్పకు నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపేదీ తగలకూడదు. సెల్యులాయిడ్‌ను శానిటైజరుతోగానీ స్పిరిటుతోగానీ తుడవకూడదు, మెత్తబడి కాంతి పోతుంది. నల్ల రబ్బరు ఎండ తగిలితే గోధుమరంగుకు తిరుగుతుంది, దాన్ని వెనక్కి తేలేం.

మన వాతావరణంలో భద్రపరచడం ఎలా?

విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్ళలో ఉంటే ఉప్పుగాలితో రోజూ యుద్ధమే. అలుగు మీద పలచగా మినరల్ ఆయిల్ గానీ, మ్యూజియంలలో వాడే సూక్ష్మ స్ఫటిక మైనం గానీ పూయండి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు. అవి కాలక్రమంలో చెడి జిగురుకట్టి, కింద తుప్పుకు ఆశ్రయమిస్తాయి. వేలిముద్ర చాలు అలుగును కరవడానికి, కాబట్టి పట్టుకున్న ప్రతిసారీ తుడిచి పెట్టండి. తోలు సంచుల్లో ఏళ్ళకేళ్ళు ఉంచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. సొరుగులో సిలికా జెల్ పొట్లాలు వేసి, వర్షాకాలంలో మార్చండి. కొమ్ము పిడి మీద అకస్మాత్తుగా సన్నటి కాలువలు, పొడి కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. ఆ కత్తిని వెంటనే విడిగా పెట్టాలి.

ఈ కత్తితో గడ్డం గీసుకోవచ్చా?

అలుగు చక్కగా ఉంటే గీసుకోవచ్చు, షెఫీల్డ్ ఉక్కుకు రెండు శతాబ్దాలు ఒక లెక్క కాదు. కానీ పదును పెట్టాలంటే సానరాయి మీద వెన్నును ఆనించి లాగాలి, ప్రతిసారీ వెన్ను కాస్త అరుగుతుంది. వెన్ను మీద చదునైన పట్టీ వెడల్పుగా కనిపిస్తే ఆ కత్తిని ఎవరో మొరటుగా సాన పట్టారని అర్థం, విలువ తగ్గుతుంది. అరుదైనదాన్ని అలమరాలో ఉంచి, సాదా పిడి కత్తితో గీసుకోండి. పాత కత్తిని క్రిమిరహితం చేద్దామని వేడినీళ్ళలో మరిగిస్తే కొమ్ము పిడి వంకర తిరుగుతుంది.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్ జుమ్మేరాత్ బజారు, ముంబయి చోర్ బజారు లాంటి చోట్ల దొరికేవి ఎక్కువగా నల్ల పిడి జోలింగెన్ కత్తులు. అలంకార పిడి దొరికితే అదృష్టం, కానీ భూతద్దం లేకుండా వెళ్ళవద్దు. అసలైన సంత బ్రిటన్, అమెరికాలలోనే ఉంది. అక్కడి వేలంపాటలు, పాత వస్తువుల సంతల్లో తిరిగే వీలున్న ప్రవాస తెలుగువాళ్ళకు మనకంటే ఎన్నో అవకాశాలు. కొనకపోయినా చూడాల్సినవి షెఫీల్డ్ కెల్హమ్ ఐలాండ్ మ్యూజియంలోని హాలీ సేకరణ, జోలింగెన్‌లోని జర్మన్ కత్తుల మ్యూజియం, తియేర్‌లోని కత్తుల మ్యూజియం.

మా తాతగారి కత్తి ఒకటి ఉంది. దాని విలువ ఎంత?

బజారు విలువ తక్కువే కావచ్చు. మన ఇళ్ళల్లో, క్షౌరవృత్తిలో ఉన్న కుటుంబాల పొదుల్లో మిగిలినవి పని చేసి చేసి అరిగిన కత్తులు. రోజుకు పది తలలు, ఇరవై గడ్డాలు చూసిన అలుగు సగం వెడల్పుకు తగ్గి ఉంటుంది. అలాంటిదాన్ని అమ్మకండి, మెరిపించకండి. ఎవరు వాడారు, ఏ ఊళ్ళో, ఎప్పటిదాకా అన్నది చీటీ మీద రాసి దాంతో ఉంచండి. పేరు తెలిసిన మనిషి చేతిలో తిరిగిన కత్తి సేకరణలో వేరే తరగతి.

విమానంలో తీసుకెళ్ళవచ్చా?

చేతి సంచిలో కుదరదు. అలుగు విచ్చుకోకుండా గుడ్డ చుట్టి, చెక్-ఇన్ సామానులో వేయాలి.

ఇక్కడ దొరికిన పాత కత్తిని విదేశాల్లో ఉన్న కొనుగోలుదారుకు పంపవచ్చా?

నూరేళ్ళు దాటిన కళావస్తువులు, హస్తకళా వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురాతన వస్తువులుగా లెక్కకు రావచ్చు. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడం నిషిద్ధం. కత్తి వయసు, రకం మీద సందేహం ఉంటే భారత పురావస్తు శాఖ నుంచి ఇది పురాతన వస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకున్నాకే పార్సిల్ కట్టండి.